యాప్ తెరిచిన మొదటి నిమిషంలోనే ఎందుకు మూసేస్తున్నారు?

పాలపుంత | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మేం నలుగురం కలిసి పలమనేరు వైపు పాలు పోసే రైతుల కోసం ఒక చిన్న యాప్ తయారు చేశాం. ఏ పూట ఎన్ని లీటర్లు పోశారు, ఫ్యాట్ ఎంత వచ్చింది, ఎస్‌ఎన్‌ఎఫ్ (ఫ్యాట్ కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) ఎంత, లీటరుకు ఎంత పడింది, పదిహేను రోజుల బిల్లు ఎంత అయింది, అన్నీ అందులో కనిపిస్తాయి. పాల సేకరణ కేంద్రంలో ఇచ్చే చీటీ చెమటకు తడిసి రెండు రోజులకే చెరిగిపోతుంది. బిల్లులో తేడా వస్తే చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. అందుకే ఈ యాప్ జనానికి కావాలని మాకు గట్టి నమ్మకం.

అయినా ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్ళు చాలామంది లోపలిదాకా రావడం లేదు. ఎందుకో తెలుసుకుందామని మొన్న తెల్లవారి ఐదున్నరకు ఒక కేంద్రం దగ్గర నిలబడ్డాను. పాలు పోసి వెళ్తున్న ఒక అక్కను ఆపి, ఆమె ఫోన్‌లోనే యాప్ వేసి చేతికిచ్చాను. ఎడమ చేతిలో ఖాళీ క్యాన్, కుడి చేతిలో ఫోన్. ముందు మా లోగో తిరిగింది. తర్వాత మేం ఎంతో ముచ్చటపడి వేయించిన ఆవు బొమ్మ వచ్చింది. ఆమె ఆవు మీద నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. దాన్ని పక్కకు జరపాలని ఆమెకు ఎలా తెలుస్తుంది? నేనే జరిపాను. అలాంటివి మూడు దాటాక యాప్ లొకేషన్ ఇస్తారా అని అడిగింది, తర్వాత కాంటాక్ట్స్ అడిగింది. ఆ తర్వాత పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, ఊరు, ఎన్ని ఆవులు ఉన్నాయి. "ఇదేందో అడగతానే ఉండాది నాయనా, మా పిల్లోడు వచ్చినాక చూస్తాలే" అని ఫోన్ కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

అంతా కలిపి ఒకటిన్నర నిమిషం ఉంటుందేమో. మేం ఎనిమిది నెలలు కష్టపడి చేసిన లెక్కల పేజీ ఆమె కంట పడనేలేదు.

పరిచయం స్క్రీన్లు పూర్తిగా తీసేయాలా? ఏది ఎప్పుడు అడగాలి? ఈ పనిలో ఉన్నవాళ్ళూ, వాడేవాళ్ళూ ఇద్దరూ చెప్పండి.

నెట్‌సెంటర్_సూర్యాపేట | సోమవారం, రాత్రి 10:25

అన్నా, నాకు పదకొండేళ్ళుగా నెట్ సెంటర్ ఉంది. రోజూ కనీసం నలుగురు ఫోన్ చేతికిచ్చి "తమ్మీ, ఇది జర చేసిపెట్టు" అంటారు. కాబట్టి కొత్త యాప్ తెరిచే ఘడియ నా కళ్ళ ముందే జరుగుతుంది.

మొదటి సంగతి, వాళ్ళు స్క్రీన్ చూడరు, నా మొహం చూస్తారు. నేను టకటకా నొక్కుతూ పోతే ఆ యాప్ మంచిది. నేను ఒక్కచోట ఆగి నొసలు ముడిచినా "ఏమన్నా డబ్బులు పోతయా" అని అడుగుతారు. వాళ్ళకు యాప్ మీద అభిప్రాయం అక్కడే పడిపోతుంది. ఆ తర్వాత లోపల ఎంత బాగున్నా అనుమానం పోదు.

రెండోది పుట్టిన తేదీ. ఈ ఒక్క డబ్బా దగ్గర ఎంతమంది ఆగిపోతారో చెప్పలేను. క్యాలెండర్ ఈ నెలలో తెరుచుకుంటుంది. 1961లో పుట్టిన మనిషి ఎడమ బాణం నొక్కుతూ నెల నెలా వెనక్కి పోవాలి. పైన సంవత్సరం మీద నొక్కితే జాబితా వస్తుందని ఎవరికీ తెలియదు, దాని మీద ఏ గుర్తూ ఉండదు. ఒకాయన 2009 దాకా ఓపికగా నొక్కి "ఇగ చాలు, ఇదే పెట్టు" అన్నాడు. మూడు పెట్టెలిచ్చి తేదీ, నెల, సంవత్సరం అంకెల్లో కొట్టమంటే పది సెకన్ల పని.

మూడోది పేరు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. యాప్‌లో "మొదటి పేరు" అని ఉంటే మొదట వచ్చేది ఇంటిపేరే కదా అని అదే రాస్తారు. ఆధార్‌లో ఒక తీరు, బ్యాంకులో ఇంకో తీరు ఉంటుంది. తర్వాత సరిపోలలేదని ఎర్ర అక్షరాలు వస్తాయి. తప్పు చేసినట్టు భయపడిపోతారు. ఒక్కటే డబ్బా పెట్టి "పాస్‌బుక్‌లో ఉన్నట్టు పేరు" అనండి, అందరికీ అర్థమవుతుంది.

మీకు అసలు పుట్టిన తేదీ ఎందుకు అన్నా? పాల లెక్కకు వయసుతో పనేముంది?

తొలిచూపు | మంగళవారం, ఉదయం 7:48

పాలపుంత గారూ, తెల్లవారి ఐదున్నరకు కేంద్రం దగ్గర నిలబడ్డారంటేనే సగం పని అయిపోయింది. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చోబెట్టి చేసే పరీక్షల్లో ఎవరి చేతిలోనూ పాల క్యాన్ ఉండదు.

పరిచయం స్క్రీన్ల గురించి నా అనుభవం ఒక్కటే: వాటిని జనం చదవరు, చదివినా గుర్తుండవు. అమెరికాలో నీల్సన్ నార్మన్ గ్రూప్ అని వాడుక సౌలభ్యం మీద పరిశోధన చేసే సంస్థ ఉంది. వాళ్ళు 2020లో పరీక్షించి చూస్తే, ముందుగా పాఠం చదివినవాళ్ళు చదవనివాళ్ళ కంటే పని బాగా చేయలేదు. పైగా చదివినవాళ్ళకు ఆ పని మరింత కష్టంగా అనిపించింది. మనిషి మనసు అలాగే ఉంటుంది. వంటింట్లోకి పోయే ముందే గడప దగ్గర మూడు కాగితాలు చదవమంటే "ఇదేదో పెద్ద వ్యవహారం" అనుకుంటాం కదా.

డ్యుయోలింగో సంగతి చూడండి. ఏ భాష నేర్చుకుంటావు, ఎందుకు అని రెండు మూడు మాటలు అడిగి నేరుగా మొదటి పాఠంలో కూర్చోబెడుతుంది. నాలుగు వాక్యాలు సరిగ్గా చేశాక, అప్పుడు ఖాతా తెరవమంటుంది. అప్పటికి చేతిలో కొంచెం సంపాదన ఉంటుంది, దాన్ని పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. వాట్సాప్ ఇంకో దారి. నంబర్, మెసేజీలో వచ్చిన కోడ్, పేరు, అంతే. పాస్‌వర్డ్ లేదు. లోపలికి వెళ్ళేసరికి ఫోన్‌బుక్‌లో ఉన్న మనవాళ్ళు ఎదురుగా కనిపిస్తారు. కొత్త చోటికి వచ్చినట్టే ఉండదు.

మీ అక్కకు అలా ఎదురుగా కనిపించాల్సింది ఏమిటి? ఆ పూట తను పోసిన పాలు. అది మీ సర్వర్‌లో అప్పటికే ఉంది. ఆవు బొమ్మ బదులు ఆమె లీటర్లు చూపించండి.

కోడ్_కరీంనగర్ | మంగళవారం, ఉదయం 9:15

లొకేషన్, కాంటాక్ట్స్ మొదటే అడగడం పాత అలవాటు. ఆండ్రాయిడ్ 6 రాకముందు, అంటే 2015కు ముందు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అన్ని అనుమతులూ గంపగుత్తగా తీసుకునేవాళ్ళం. ఆ తర్వాత అవసరమైనప్పుడు ఒక్కొక్కటే అడిగే పద్ధతి వచ్చింది. కానీ చాలామంది డెవలపర్లు ఆ డబ్బాలన్నీ తెచ్చి మొదటి స్క్రీన్‌లోనే వరసగా పెట్టేశారు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, చాలా టీములు పట్టించుకోవు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒకే అనుమతిని రెండుసార్లు వద్దంటే మళ్ళీ అడిగే అవకాశం యాప్‌కు ఉండదు. ఆ తర్వాత మనిషి తనే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మార్చాలి. మీ అక్క సెట్టింగ్స్‌లోకి వెళ్తుందా? అంటే తొలి నిమిషంలో తొందరపడి అడిగి వద్దనిపించుకుంటే, రేపు నిజంగా కావాల్సివచ్చినప్పుడు తలుపు మూసుకుపోయి ఉంటుంది. నోటిఫికేషన్లు కూడా ఆండ్రాయిడ్ 13 నుంచి అడిగి తీసుకోవాల్సిందే. "బిల్లు పడగానే చెప్పమంటారా?" అని బిల్లు పేజీలో అడిగితే అవుననే అంటారు. ఎవరో తెలియని యాప్ ఎదురుపడగానే అడిగితే ఎందుకంటారు?

ఓటీపీ చదవడానికి ఎస్సెమ్మెస్ అనుమతి అడుగుతున్నారా? అడగకండి. 2018 అక్టోబరులోనే గూగుల్ ప్లే ఆ అనుమతి మీద కట్టడి పెట్టింది. అనుమతి లేకుండానే ఓటీపీ దానంతట అదే పడే దారి ఉంది. మీరు పంపే మెసేజీ చివర మీ యాప్‌కు చెందిన 11 అక్షరాల కోడ్ చేరిస్తే ఆ ఒక్క మెసేజీ మాత్రమే యాప్‌కు అందుతుంది.

కాంటాక్ట్స్ ఎందుకు తీసుకున్నారో మాత్రం నాకు అర్థం కాలేదు.

పాలపుంత | మంగళవారం, ఉదయం 9:40

కాంటాక్ట్స్ తీసుకుంది "మీ ఊరివాళ్ళను పిలవండి" అనే బటన్ కోసం. లొకేషన్ దగ్గర్లో ఉన్న కేంద్రం చూపించడానికి. రైతుకు తన కేంద్రం ఎక్కడుందో తెలియదా అని ఇప్పుడు రాస్తుంటే నాకే అనిపిస్తోంది. పుట్టిన తేదీ ఎందుకని సూర్యాపేట అన్న అడిగిన ప్రశ్నకు మా టీములో ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఈ మూడూ ఈ రోజే తీసేస్తున్నాం.

బెజవాడ_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 12:30

నేను వాడేవాణ్ణి మాత్రమే. ప్రధానోపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. మా వయసువాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి బాబూ.

కాంటాక్ట్స్ ఇవ్వమని అడిగిన క్షణంలో మీ యాప్ మాకు గుర్తుకు రాదు, అప్పుల యాప్‌లు గుర్తొస్తాయి. 2020లో లాక్‌డౌన్ తర్వాత ఆ యాప్‌లు ఎంత మందిని పొట్టన పెట్టుకున్నాయో పేపర్లలో రోజూ చదివాం. అప్పు తీసుకున్నవాడి ఫోన్‌లోని నంబర్లన్నీ లాక్కుని, బంధువులకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీశారు. ఆ డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వాళ్ళ కాల్ సెంటర్ల మీద పడి అరెస్టులు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పులిచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్ట్స్, కాల్ లాగ్స్ జోలికి పోకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. నియమం వచ్చినా భయం పోలేదు. ఇప్పుడు దానికి తోడు చలానా అనీ, పథకం డబ్బులనీ వాట్సాప్‌లో వచ్చే దొంగ యాప్‌లు. మా కాలనీలో ఒకావిడ అలా నొక్కి తన ఖాతాలో డబ్బు పోగొట్టుకుంది. అప్పటి నుంచి ఏ యాప్ తెరిచినా ముందు "ఇది అసలుదేనా" అని చూస్తాను.

అందుకని నాకు మొదటి స్క్రీన్‌లో కావాల్సింది అందం కాదు, మీరెవరు అన్నది. ఏ ఊరి డెయిరీ, ఏ నంబరుకు ఫోన్ చేస్తే మనిషి పలుకుతాడు. ఆ రెండు లైన్లు ఉంటే నేను ధైర్యంగా ముందుకు పోతాను.

ఇంకొకటి. పెన్షనర్లం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 2021 నుంచి ముఖం చూపించి ఫోన్‌లోనే ఇచ్చే వీలు వచ్చింది. దానికి జీవన్ ప్రమాణ్ యాప్‌తో పాటు ఆధార్ ఫేస్ ఆర్డీ అనే రెండో యాప్ కూడా ఉండాలి. ముందు ఫోన్ పట్టుకున్న మనిషిని ఆపరేటర్‌గా నమోదు చేసి, ఆ తర్వాతే పెన్షనర్ వివరాలు తీసుకుంటుంది. మా అబ్బాయి ముందే ఫోన్లో చెప్పాడు, "నాన్నా, రెండు యాప్‌లుంటాయి, మొదట నిన్నే ఆపరేటర్ అంటుంది, కంగారు పడకు" అని. ఆ ఒక్క మాట ముందు తెలియడం వల్ల నాకు ఏ ఇబ్బందీ రాలేదు. బ్యాంకు గుమ్మం ఎక్కకుండా పని అయిపోయింది. ముందు ఏం జరగబోతోందో ఎవరైనా నోటితో చెప్పినట్టు చెబితే మేమూ చేయగలం.

లెక్కలపద్దు | మంగళవారం, సాయంత్రం 6:05

అందరూ "తీసేయండి, తీసేయండి" అంటున్నారు. నేను బ్యాంకులో పనిచేస్తాను, కొంచెం అడ్డు చెప్పాలి.

యూపీఐ యాప్ మొదటిసారి తెరిచినప్పుడు మీ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ దానంతట అదే వెళ్తుంది. ఖాతాకు ఉన్న నంబరు సిమ్ ఈ ఫోన్‌లోనే ఉందని నిర్ధారించుకునే పద్ధతి అది. తర్వాత డెబిట్ కార్డు మీది చివరి ఆరంకెలు, గడువు తేదీ, ఓటీపీ, చివర పిన్. కార్డు లేనివాళ్ళకు ఆధార్ ఓటీపీ దారి తర్వాత వచ్చింది. ఇదంతా శ్రమే. కానీ ఆ శ్రమ వల్లే ఇంకొకరు ఇంకో ఫోన్‌లో కూర్చుని మీ ఖాతా తెరవలేరు. ఇందులో ఏ మెట్టు తీసేస్తారు? డబ్బు సంగతిలో మరీ సులువుగా లోపలికి వచ్చేస్తే జనానికే అనుమానం వస్తుంది, "ఏమీ అడగకుండానే నా బ్యాలెన్స్ ఎట్లా చూపించింది" అని.

అయితే ఆ మెట్టు ఎందుకో చెప్పాలి. సిమ్‌లో ఎస్సెమ్మెస్‌కు సరిపడా బ్యాలెన్స్ లేకపోతే అది వెళ్ళదు. "ధృవీకరణ విఫలమైంది" అని మాత్రమే వస్తే మనిషికి ఏం అర్థమవుతుంది? "మీ సిమ్ నుంచి మెసేజీ వెళ్ళలేదు, రీఛార్జ్ ఉందో లేదో చూడండి" అంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇంకో జ్ఞాపకం. 2017 సెప్టెంబరులో గూగుల్ తేజ్ వచ్చింది (తర్వాతి సంవత్సరం పేరు గూగుల్ పే అయింది). మొదటి రోజు నుంచే తెలుగు ఉంది. ఎవరైనా పిలిస్తే చేరి మొదటిసారి డబ్బు పంపగానే ఇద్దరికీ 51 రూపాయలు పడేవి. మా అమ్మకు ఆ మొదటి రోజు ఇప్పటికీ గుర్తే. చదివింపుల్లో మనం 116 రాస్తాం కాబట్టి "ఇదేం లెక్క, 51" అంది. కానీ డబ్బులు నిజంగా ఖాతాలో పడ్డాయని బ్యాంకు మెసేజీ చూశాకే ఆమెకు యూపీఐ అంటే నమ్మకం కుదిరింది. ఆమెకు అర్థమయ్యేటట్టు చేసింది ఆ మెసేజీ, ఏ పరిచయం స్క్రీనూ కాదు.

గుణింతం | మంగళవారం, రాత్రి 8:50

నేను యాప్‌లను తెలుగులోకి తెచ్చే పని చేస్తాను. పదేళ్ళ కిందట తెలుగు ఉండటమే గొప్ప. 2020లో జూన్‌లో ఫ్లిప్‌కార్ట్, సెప్టెంబరులో అమెజాన్ తెలుగు ఇచ్చాయి. ఇప్పుడు తెలుగు ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న, ఎలాంటి తెలుగు అన్నది.

మీ యాప్ వేసి చూశాను, మొదటి స్క్రీన్ మీద "దాటవేయి" అని ఉంది. పలమనేరులో ఎవరైనా ఆ మాట అంటారా? ఇంకో యాప్‌లో హోమ్ బటన్‌కు "ఇల్లు" అని చూశాను. అది చూడగానే మనిషికి తెలిసిపోతుంది, ఇది నా కోసం రాసింది కాదు, మెషిన్ తిప్పింది అని. ఆ తర్వాత భాషను ఇంగ్లిష్‌కు మార్చేసుకుంటారు. "మనవాళ్ళకు తెలుగు అక్కర్లేదు, చూశారా" అని కంపెనీవాళ్ళు నాకే చెబుతారు. నాకు బాధ కలిగేది అక్కడే.

ఇంకో చిన్న విషయం, కానీ కంటికి ముందు కనిపించేది. ఇంగ్లిష్ అక్షరాల కొలతకు గీసిన బటన్‌లో తెలుగు పెడితే కింద వత్తులు తెగిపోతాయి. "ఖాతా తెరవండి"లో ఏమీ కాదు. "రిజిస్ట్రేషన్"లో ట వత్తూ, ర వత్తూ సగం కోతపడి కనిపిస్తాయి. నేను ఒక టీముకు ఈ సంగతి చెప్పడానికి స్క్రీన్‌షాట్ తీసి, తెగిన చోట ఎర్ర గీత గీసి పంపాల్సి వచ్చింది. లైన్ ఎత్తు కొంచెం పెంచితే చాలు. అక్షరాలు నరికేసిన బోర్డు ఉన్న కొట్టులోకి మనం నమ్మకంగా అడుగు పెడతామా?

సమ్మతి అడిగే నోటీసు సంగతి కూడా ఇప్పుడు చట్టం పరిధిలోకి వచ్చింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఆ నోటీసును ఇంగ్లిష్‌లోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోగానీ చదువుకునే వీలు ఇవ్వాలి. అంటే తెలుగు కూడా. దాన్ని మీ అక్కకు అర్థమయ్యేలా రాయండి: "మీ ఫోన్ నంబరు, పాల లెక్క మా దగ్గర ఉంటాయి. మీ డెయిరీకి తప్ప ఎవరికీ ఇవ్వం." మీరు నిజంగా అలాగే చేస్తుంటేనే రాయండి.

ఇక మీ బటన్లు. "దాటవేయి" బదులు "తర్వాత చూస్తా". "సమర్పించు" బదులు "సరే". "లాగిన్" అలాగే ఉంచండి, అందరికీ తెలుసు. ఫ్యాట్‌ను "కొవ్వు" అనొద్దు, రైతు నోట ఆ మాట రాదు.

డాలస్‌నుంచి | బుధవారం, ఉదయం 6:20

మా నాన్నగారు మదనపల్లె దగ్గర పాలు పోస్తారు, అందుకే ఈ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. ఇలాంటి యాప్ ఉంటే నేనే ఇక్కణ్ణుంచి చూసి ఆయనకు ఫోన్లో చెప్పేదాన్ని.

నాకు ఎదురయ్యే గోడ ఒకటే. చాలా యాప్‌ల మొదటి స్క్రీన్‌లో 91 అని రాసి ఉంటుంది, మార్చడం కుదరదు. నా నంబరుకు ఆ పెట్టెలో చోటే లేదు. మొన్న ఒక యాప్‌లో అరగంట కుస్తీ పడి వదిలేశాను. అమెరికాతో సహా 10 దేశాల నంబర్లతో ఎన్నారై ఖాతాలను యూపీఐకి కలుపుకోవచ్చని 2023 జనవరిలోనే యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ చెప్పింది. అంటే ఆ పెట్టె మార్చడం కుదరని పనేమీ కాదు. ఊరికి దూరంగా ఉన్నవాళ్ళకు ఆ పెట్టె చూడగానే "ఇది నీది కాదు" అన్నట్టు ఉంటుంది. పాలపుంత గారూ, వీలైతే దృష్టిలో పెట్టుకోండి.

నెట్‌సెంటర్_సూర్యాపేట | బుధవారం, ఉదయం 10:10

ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోకండి. అసలు యాప్ అవసరమా? హైదరాబాద్ మెట్రో టికెట్టు 2022 నుంచి వాట్సాప్‌లో ఇస్తున్నారు. ఆంధ్రలో 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టారు. కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు, "హాయ్" అని పంపడమే. పూట పూటా లెక్క వాట్సాప్‌లో పంపిస్తే సరిపోదా?

పాలపుంత | బుధవారం, మధ్యాహ్నం 1:15

కోపం ఎందుకన్నా, మేమూ చాలాసార్లు అనుకున్నాం. పూట లెక్క ఒక్కటే అయితే మెసేజీ చాలు. కానీ నెల మొత్తం ఫ్యాట్ ఎలా పడిందో, ఏ ఆవు ఈనాక ఎలా మారిందో వరసగా చూడాలంటే మెసేజీల్లో కుదరడం లేదు. ఫ్యాట్ తగ్గడం మొదలైన రోజు పట్టుకుంటే దాణా మార్చుకోవచ్చు. అందుకోసమే యాప్.

మీరంతా చెప్పింది పెట్టుకుని రాత్రి కూర్చున్నాం. కొత్త వరస ఇది: మొదటి స్క్రీన్‌లో డెయిరీ పేరు, కేంద్రం సెక్రటరీ ఫోన్ నంబరు, కింద ఒక్కటే పెట్టె, "మీ కోడ్ నంబరు". కేంద్రంలో రైతును పిలిచేదే కోడ్ నంబరుతో. అది కొడితే ఆ రోజు పాల లెక్క వచ్చేస్తుంది. పేరు, ఊరు, అన్నీ డెయిరీ దగ్గర ఎప్పటినుంచో ఉన్నవే. పన్నెండేళ్ళుగా పాలు పోస్తున్న మనిషిని "మీరెవరు" అని అడిగాం మేం.

ఒక చిక్కు మాత్రం విడలేదు. కోడ్ నంబరు అందరికీ తెలుసు. పక్కింటివాళ్ళ కోడ్ కొడితే వాళ్ళ బిల్లు కనిపిస్తుంది. ఓటీపీ పెడదామంటే, కోడ్ అత్తగారి పేరు మీద ఉంటుంది, డెయిరీలో రాయించిన ఫోన్ నంబరు బెంగళూరులో ఉన్న కొడుకుది. ఓటీపీ అతనికి పోతుంది, ఆ సమయానికి అతను డ్యూటీలో ఉంటాడు.

లెక్కలపద్దు | బుధవారం, సాయంత్రం 7:30

ఓటీపీ లేకుండా మాత్రం వదలొద్దు. ఇంట్లో ఎంత ఆదాయం వస్తోందో ఊరందరికీ తెలియడం చిన్న విషయం కాదు. అత్తకూ కోడలికీ మధ్య కూడా అది గొడవ అవుతుంది.

పాలు పోసినప్పుడు ప్రింటయ్యే చీటీ ఉంది కదా. దాని మీద ప్రతి పూటా మారే నాలుగంకెల కోడ్ ఒకటి వేయలేరా? చీటీ ఎవరి చేతిలో ఉందో వాళ్ళే ఆ పూట పాలు పోసినవాళ్ళు. సిమ్ బదులు చీటీ సాక్ష్యం చెబుతుంది.

కోడ్_కరీంనగర్ | బుధవారం, సాయంత్రం 7:52

ఇది చాలా మంచి ఆలోచన. అయితే చీటీలు కేంద్రం బయట నేల మీద పడేసి పోతారు. ఎవరో ఏరుకుంటే? ఆ కోడ్ తర్వాతి పూట దాకా మాత్రమే పనిచేయాలి, ఒక్క ఫోన్‌లోనే ఒకసారి. రెండో ఫోన్ ప్రయత్నిస్తే సెక్రటరీ ఒప్పుకోవాలి. దానితో లెక్క చూడటం మాత్రమే కుదరాలి. బ్యాంకు ఖాతా మార్చే పని అసలు యాప్‌లో ఉండకూడదు, అది కేంద్రంలో సంతకంతోనే జరగాలి.

గుణింతం | బుధవారం, రాత్రి 9:05

ఆ పెట్టె మీద "ఈ పూట చీటీలో కింద ఉన్న 4 అంకెలు" అని రాయండి. పక్కన చీటీ ఫొటో పెట్టి ఆ అంకెల చుట్టూ ఒక గుండ్రం గీయండి. నిజమైన చీటీ ఫొటోనే పెట్టండి, కంప్యూటర్‌లో గీసింది వద్దు. మీ ప్రింటర్‌లో అక్షరాలు ఎలా వస్తాయో అలాగే కనిపించాలి.

పాలపుంత | తర్వాతి మంగళవారం, ఉదయం 8:35

ఇప్పుడే కేంద్రం నుంచి వచ్చాను. ప్రింటర్ మార్పు ఒక్క కేంద్రంలోనే చేయగలిగాం. అదే అక్క కోసం ఎదురు చూశాను. ముందు "మళ్ళీ వచ్చినావా నాయనా" అంది.

ఈసారి నేను ఫోన్ ముట్టుకోలేదు. ఆమె క్యాన్ కింద పెట్టి, కోడ్ నంబరు కొట్టింది. చీటీ ఫొటో రాగానే తన చేతిలోని చీటీ స్క్రీన్ పక్కన పెట్టి చూసుకుంది, కింద నాలుగంకెలు పైకి చదువుతూ ఒక్కొక్కటే కొట్టింది. ఒక అంకె తప్పు పడింది. "అంకెలు కలవలేదు, చీటీ ఇంకోసారి చూడండి" అని వచ్చింది. చూసి దిద్దుకుంది. వెంటనే ఆ పూట లెక్క వచ్చింది: 7.4 లీటర్లు, ఫ్యాట్ 3.9, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.3. ఆమె నవ్వలేదు, బాగుందనలేదు. చీటీ మీద వేలు పెట్టి మూడు అంకెలూ స్క్రీన్‌తో సరిపోల్చుకుంది. మూడూ కలిశాయి.

అప్పుడు "నిన్న సాయంత్రంది ఏదీ?" అంది. నన్ను కాదు, ఫోన్‌ను అడిగినట్టే ఉంది. వేలితో కిందికి జరిపింది, వచ్చింది. మొన్నటిది చూసింది. అటు మొన్న ఫ్యాట్ 3.4 దగ్గర ఆగి "ఆ పొద్దు దూడ ముందే తాగేసింది" అంది.

వెనకాల పాలు పోయడానికి నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ ఫోన్ కీప్యాడ్ ఫోన్. ఆమె సంగతి ఏం చేయాలో ఇంకా తెలియదు. సూర్యాపేట అన్నా, మీరు చెప్పిన మెసేజీ ఆలోచన ఆమె కోసం మళ్ళీ తీస్తున్నాం, వాట్సాప్ కాదు, మామూలు ఎస్సెమ్మెస్. విదేశీ నంబర్ల సంగతి కూడా రాసుకున్నాను డాలస్ అక్కా, 91 పెట్టె వచ్చే వారం తీస్తాం.

బెజవాడ_మాస్టారు | తర్వాతి మంగళవారం, ఉదయం 9:20

బాబూ, సెక్రటరీ ఫోన్ నంబరు మొదటి స్క్రీన్ మీద ఉంచారా?

పాలపుంత | తర్వాతి మంగళవారం, ఉదయం 9:24

ఉంచాం మాస్టారూ. నొక్కితే నేరుగా ఫోన్ కలుస్తుంది. ఈ పొద్దున ఇద్దరు ఊరికే నొక్కి చూశారు, ఆయన పక్కనే ఉండి ఎత్తారు.